సింథసైజర్లు, కీబోర్డులు చూడ్డానికి ఎందుకంత బాగుంటాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

వాయించడం రానివాళ్లు కూడా పాత సింథసైజర్ (కరెంటు సర్క్యూట్లతో ధ్వని పుట్టించే వాద్యం) ఫొటో కనబడితే ఆగి చూస్తారు. కొత్తగా కీబోర్డ్ కొనాలనుకునేవాళ్లు, ఇంట్లో పాత హార్మోనియం ఉన్నవాళ్లు, డిజైన్ చదువుకునే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి.

సంగీత వాద్యం వినడానికి కదా, చూడ్డానికి ఎలా ఉంటే ఏంటి?

వీణ విషయంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. బొబ్బిలి వీణ చూడండి. ఒకే పనస దుంగని తొలిచి కుండ, దండి, యాళి తల అన్నీ తీస్తారు. కుండ ఎంత లోతు, చెక్క ఎంత మందం అన్నదాన్ని బట్టి నాదం మారుతుంది. అంటే వీణ ఆకారంలో చాలాభాగాన్ని నాదమే నిర్ణయించింది.

సింథసైజర్‌లో ఆ బంధం లేదు. ధ్వని పుట్టేది సర్క్యూట్ బోర్డు మీద. ఆ బోర్డుని రేకు డబ్బాలో పెట్టినా, టేకు పెట్టెలో పెట్టినా మోత ఒకటే. కాబట్టి పెట్టె ఎలా ఉండాలి, ఏ నాబ్ ఎక్కడ ఉండాలి అన్నది పూర్తిగా డిజైనర్ చేతిలోనే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. దాన్ని ప్యానెల్ చూపించాలి. మంచి ప్యానెల్ ధ్వనికి పటం లాంటిది. దాన్ని చూస్తూ చూస్తూనే ధ్వని ఎలా తయారవుతుందో నేర్చుకుంటాం. నా దృష్టిలో సింథసైజర్ అందమంటే ప్రధానంగా ఇదే. రంగు, మెరుపు దాని తర్వాతే.

అన్ని నాబ్‌లు చూస్తే టెన్షన్ వస్తుంది. ఎక్కడి నుంచి చూడాలి?

ఎడమ నుంచి కుడికి, అచ్చం తెలుగు చదివినట్టే. దీనికి మినీమోగ్ మోడల్ డీ కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. 1970లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో రాబర్ట్ మోగ్ కంపెనీ దీన్ని తయారుచేసింది. అంతకుముందు మోగ్ సింథసైజర్ అంటే గోడంత బీరువా, దాన్నిండా వేలాడే కేబుళ్లు. ఆ బీరువాలోంచి ముఖ్యమైన భాగాలు ఏరి, 44 మెట్లతో ఒక చెక్కపెట్టెలో సర్ది, తీగలన్నీ లోపలే కలిపేశారు.

ప్యానెల్ మీద ఐదు గళ్లు ఉంటాయి. మొదటి గడిలో శ్రుతి సరిచేసే నాబ్, స్వరం నుంచి స్వరానికి జారే వేగం. రెండోది ఆసిలేటర్ల గడి, అంటే ధ్వని తరంగాలు పుట్టించే సర్క్యూట్లది. ఇక్కడ మూడు వరుసలున్నాయంటే లోపల మూడు ఆసిలేటర్లున్నట్టు. ప్రతి వరుసలోనూ ఒక నాబ్ చుట్టూ ఆరు చిన్న బొమ్మలుంటాయి: త్రికోణం, రంపపు పన్ను, చతురస్రం, ఇలా. ఆ నాబ్‌ని ఏ బొమ్మ వైపు తిప్పితే ధ్వని తరంగం ఆ ఆకారంలో వస్తుంది. తరంగాన్ని తెర మీద చూపించే ఆసిలోస్కోప్ పరికరంలో కనబడే గీతనే ప్యానెల్ మీద అచ్చేశారు. ఇంకో నాబ్ దగ్గర 32, 16, 8, 4, 2 అని అంకెలుంటాయి. అవి చర్చిల్లోని పైప్ ఆర్గన్ గొట్టాల పొడవులు, అడుగుల్లో. అంకె సగమైతే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది.

మూడో గడి మిక్సర్. ఏ ఆసిలేటర్ ఎంత వినబడాలో ఇక్కడ నిర్ణయిస్తారు. నాలుగో గడిలో పై వరుస ధ్వనిని వడకట్టే ఫిల్టర్‌ది, కింది వరుస ధ్వని ఎంత వేగంగా లేచి ఎలా తగ్గాలో చెప్పేది. చివరి గడిలో వాల్యూమ్, హెడ్‌ఫోన్, పవర్. ధ్వని పుట్టి, కలిసి, వడకట్టబడి బయటికొచ్చే వరుస ఏదో, ప్యానెల్ మీద గళ్ల వరుసా అదే. మాన్యువల్ తియ్యకుండానే సగం అర్థమైపోతుంది.

ఈ వాద్యంలో ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ప్యానెల్ బందు (హింజ్) మీద లేచి నిలబడుతుంది. స్టేజి మీద నిలబడి వాయించేవాడికి నాబ్‌లన్నీ ముఖానికి ఎదురుగా ఉంటాయి. వాడనప్పుడు పడుకోబెట్టేస్తే పెట్టె చదునుగా అయిపోతుంది. ఎడమ చేతి కింద రెండు చక్రాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి శ్రుతిని వంచడానికి, రెండోది కంపనం కలపడానికి. గమకం ఇష్టపడే మన చెవికి ఆ మొదటి చక్రం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. ఈరోజు దొరికే సింథసైజర్లలో చాలావాటికి ఆ రెండు చక్రాలు అదే చోట ఉన్నాయి.

కరెంటు వాద్యానికి చెక్క పక్కలు ఎందుకు? ధ్వనికి లాభం ఉందా?

ధ్వనికి ఏ లాభమూ లేదు. కారణాలు వేరే. 1960లు, 70లలో అమెరికాలో ఈ పని చేసినవి చిన్న వర్క్‌షాపులు. ప్లాస్టిక్ పెట్టె కావాలంటే అచ్చు తయారు చేయించాలి, దానికి చాలా డబ్బు కావాలి. వడ్రంగి చేత చెక్కపెట్టె చేయిస్తే చౌక. రెండోది, వట్టి రేకు ప్యానెల్ చూస్తే ప్రయోగశాల పరికరంలా ఉంటుంది. దానికి వాల్‌నట్ చెక్క తొడిగితే పియానో, ఆర్గన్, పాత రేడియోల కుటుంబంలోకి వచ్చేస్తుంది. 1978లో వచ్చిన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ ప్రాఫెట్-5 అందంలో సగం దాని చెక్కదే అంటాను. నల్లని ప్యానెల్ చుట్టూ ఎర్రగోధుమ రంగు చెక్క, అంతే. 2002 నాటి మైక్రోకోర్గ్ పూర్తిగా డిజిటల్ వాద్యం. దానికి కూడా రెండు పక్కలా చెక్క ముక్కలున్నాయి.

వేలాడే కేబుళ్లు, గుచ్చిన పిన్నులు ఉన్నవాటి సంగతేంటి?

వాటిని మాడ్యులర్ అంటారు. ఒక్కో పని చేసే పెట్టె ఒక్కో మాడ్యూల్. వాటిని కేబుళ్లతో మీరే కలుపుకోవాలి. ఇక్కడ పటం అచ్చేసి ఉండదు, మీరే గీసుకోవాలి. రంగురంగుల కేబుళ్లు అటూ ఇటూ వేలాడుతుంటే చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది గానీ ఏ కేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ దిగుతోందో వేలు పెట్టి చూస్తే ఆ ధ్వని ఎలా కట్టారో తెలిసిపోతుంది.

కేబుళ్లే లేకుండా ఇదే పని చేసింది లండన్ కంపెనీ ఈఎమ్ఎస్. 1969లో వచ్చిన వాళ్ల వీసీఎస్ 3 నాకు చాలా ఇష్టమైన వస్తువు. పీటర్ జినోవియెఫ్, డేవిడ్ కాకరెల్, ట్రిస్ట్రమ్ కేరీ అని ముగ్గురు కలిసి చేశారు. పెట్టె రూపం కేరీది. ఎల్ ఆకారపు చెక్కపెట్టె, నిలువు ప్యానెల్ మీద నాబ్‌లు, కింద ఒక చదరం. ఆ చదరంలో అడ్డం 16, నిలువు 16, మొత్తం 256 చిల్లులు. అడ్డ వరుసలు ధ్వని వచ్చే చోట్లు, నిలువు వరుసలు వెళ్లే చోట్లు. ఏ రెండిటిని కలపాలో ఆ గడిలో చిన్న పిన్ను గుచ్చాలి. పక్కన విమానంలో ఉండేలాంటి జాయ్‌స్టిక్. పెట్టెలో మెట్లు అసలే లేవు, కావాలంటే విడిగా తగిలించుకోవాలి. దీన్నే సూట్‌కేసులో పెట్టి సింథి ఎ అని అమ్మారు కూడా.

మెట్లు వద్దనుకున్నవాళ్లలో ముఖ్యుడు కాలిఫోర్నియాలోని డాన్ బుక్లా. నలుపు తెలుపు మెట్లు కనబడితే చెయ్యి పాత పాటల వైపే పోతుందని, కొత్త వాద్యానికి కొత్త ముఖం కావాలని ఆయన పట్టుబట్టాడు. లోహపు పలకల మీద వేలు తాకిస్తే పలికే వాద్యాలు చేశాడు. పైకి కనబడే రూపం లోపలి సంగీతాన్ని మార్చేస్తుందని ఇంత గట్టిగా నమ్మి వాద్యాలు తయారుచేసినవాడు ఇంకొకడు లేడనుకుంటా.

మన దేశంలో ఈ కథకి ఒక మంచి ముడి ఉంది. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి మోగ్ మాడ్యులర్ సింథసైజర్‌తో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టాడు. పెట్టింది సంగీత కళాశాలలో కాదు, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో. కుర్చీలు, అక్షరాలు, బట్టలు డిజైన్ చెయ్యడం నేర్పే చోట ఈ వాద్యం అడుగుపెట్టడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

ఇప్పుడు మాడ్యులర్ కొనేవాళ్లు ఎక్కువగా యూరోరాక్ కొలతలో కొంటారు. జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ 1990లలో మొదలుపెట్టిన పద్ధతి అది. ప్రతి మాడ్యూల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. ఎత్తు ఖాయం కాబట్టి ఎవరు తయారు చేసినా ఒకే వరుసలో అమరుతాయి. ముఖం మీద బొమ్మలు మాత్రం ఎవరిష్టం వాళ్లది.

బటన్లకి రంగులు అందం కోసమేనా?

మంచి డిజైన్‌లో రంగు ఏదో ఒకటి చెబుతుంది. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ తీసుకోండి. 1980లో వచ్చింది. ముదురు రంగు పెట్టె, కింది అంచున 16 బటన్లు. మొదటి నాలుగు ఎరుపు, తర్వాత నాలుగు నారింజ, ఆ తర్వాత నాలుగు పసుపు, చివరి నాలుగు తెలుపు. నాలుగు దెబ్బలున్న ఒక ఆవృత్తాన్ని ఒక్కో దెబ్బకి నాలుగు చొప్పున పదహారు ముక్కలు చేశారు. చతురశ్ర నడక తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడగానే తెలుస్తుంది. రంగు మారిన చోట కొత్త దెబ్బ మొదలవుతుంది. బటన్ మీద దీపం వెలుగుతూ ఎడమ నుంచి కుడికి పరిగెడుతుంటే తాళం కళ్ల ముందు నడుస్తున్నట్టే ఉంటుంది. లెక్క తప్పే ప్రశ్నే లేదు. తొంభయ్యోసారో నూరోసారో చూసినా ఆ నాలుగు రంగుల వరుస నన్ను ఆపేస్తుంది.

అదే కంపెనీ 1981లో తెచ్చిన జూపిటర్-8 సింథసైజర్‌లో పైన స్లైడర్లు (గాడిలో జరిపే మీటలు), కింది అంచున నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం బటన్లు. చీకటి స్టేజి మీద పేరు చదవక్కర్లేకుండా రంగుల గుంపుని బట్టి చెయ్యి పోతుంది. ఈ జూపిటర్-8, టీఆర్-808, మంద్ర స్వరాలకి వాడే వెండిరంగు టీబీ-303 మూడిటినీ కలిపి 1982లోనే ముంబైలో చరణ్‌జిత్ సింగ్ హిందుస్తానీ రాగాలు రికార్డు చేశాడు. సినిమా ఆర్కెస్ట్రాల్లో పనిచేసిన మనిషి.

కొన్ని రంగులు కంపెనీ ముద్రలు. జర్మన్ పీపీజీ వేవ్ అంటే ముదురు నీలం. వాల్డోర్ఫ్ క్యూ అంటే పసుపు. స్వీడన్‌కి చెందిన క్లావియా 1995లో నార్డ్ లీడ్‌ని ఎర్రగా తెచ్చింది, అప్పట్నుంచి ఆ ఎరుపు వదల్లేదు. ఏ కచేరీలోనైనా గ్యాలరీ చివర్నుంచి చూసినా, అక్కడున్నది నార్డ్ అని చెప్పేయొచ్చు.

ఏఆర్‌పీ కంపెనీ ఒడిస్సీ సింథసైజర్ కథ ఇంకోరకం. 1972లో తెల్ల ముఖంతో వచ్చింది. తర్వాత నలుపు మీద బంగారు రంగు అక్షరాలు, ఆ తర్వాత నలుపు మీద నారింజ. మూడిటి మధ్యా లోపల కొన్ని మార్పులున్నాయి, నిజమే. కానీ జనం వాటిని గుర్తుపెట్టుకున్నది రంగుతోనే.

నాబ్ మంచిదా, స్లైడర్ మంచిదా?

స్లైడర్ ఎక్కడుందో దూరం నుంచే కనబడుతుంది. వరుసగా ఉన్న స్లైడర్ల తలలు కలిపితే ఒక గీతలా ఉంటుంది, ఆ గీతే ధ్వని ఆకారం. ఏఆర్‌పీ వాళ్లు అందుకే వాటిని ఇష్టపడ్డారు. నాబ్ చేతికి హాయి, వేళ్లతో సన్నగా తిప్పొచ్చు. మన ఊళ్ల దుమ్ములో స్లైడర్ల గాడి తొందరగా నిండుతుంది, ఆ ఒక్క కారణానికి నా ఓటు నాబ్‌కి.

80లలో నాబ్‌లన్నీ ఎందుకు మాయమయ్యాయి?

యమహా డీఎక్స్ 7 వల్ల. 1983లో వచ్చి, లక్షకి పైగా అమ్ముడుపోయింది. ముదురు గోధుమరంగు లోహపు పెట్టె. దాని మీద ఎత్తుపల్లాలు లేవు. నాబ్‌ల బదులు నీలం-పచ్చ రంగులో చదునైన పొర బటన్లు, రెండు వరుసల చిన్న తెర, విలువలు మార్చడానికి ఒకే ఒక్క స్లైడర్. మీకు ఏది మార్చాలన్నా బటన్ నొక్కి దాన్ని ఎంచుకుని, ఆ స్లైడర్‌తో మార్చాలి. నాబ్‌లు తగ్గితే తయారీ ఖర్చు తగ్గుతుంది. పైగా ఆరు ఆపరేటర్లు, అంటే తరంగాలు పుట్టించే భాగాలు, ఒకదాన్నొకటి మార్చే ఆ ఎఫ్‌ఎమ్ పద్ధతిలో మార్చదగ్గ విలువలు వందకి పైనే. అన్నిటికీ నాబ్ పెట్టడం కుదిరే పని కాదు.

చూడ్డానికి మాత్రం చాలా అందమైన వస్తువు. ముఖ్యంగా ప్యానెల్ పైభాగం. ఆరు ఆపరేటర్లని ఎన్ని రకాలుగా పేర్చొచ్చో 32 చిన్న బొమ్మలుగా అక్కడ అచ్చేశారు, ముగ్గులో చుక్కలు కలిపినట్టు. వాటిని చూస్తే ఒక పద్ధతి ఉందని తెలుస్తుంది. కానీ చెయ్యి పెట్టడానికి ఏమీ లేదు. అందుకే చాలామంది డీఎక్స్ 7లో కంపెనీ ఇచ్చిన సౌండ్లే వాడారు. ఎనభైల పాటల్లో ఆ మెరిసే ఎలక్ట్రిక్ పియానో, ఆ గంటల ధ్వని అన్నీ ఒకేలా వినబడటానికి ఆ ప్యానెల్ కూడా ఒక కారణమని నా నమ్మకం. మార్చడం కష్టమైతే ఎవరూ మార్చరు.

తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఎప్పుడూ ఇలాగే ఉండేవా?

లేదు. పియానోకి ముందున్న పాత యూరప్ హార్ప్సికార్డుల్లో చాలావాటికి పెద్ద మెట్లు నల్లగా, చిన్నవి ఎముక అంటించి తెల్లగా ఉండేవి. పియానోలతో పాటు ఇప్పటి పద్ధతి స్థిరపడింది. 1962లో ఇంగ్లండ్‌లో వచ్చిన వాక్స్ కాంటినెంటల్ ఆర్గన్ మళ్లీ తిరగేసింది. నల్లని పెద్ద మెట్లు, తెల్లని చిన్న మెట్లు, పైన నారింజ-ఎరుపు మూత, కింద వంపు తిరిగిన క్రోమ్ కాళ్లు. టీవీ, స్టేజి కోసం పుట్టిన వాద్యమది.

రంగు అవసరం కోసం మారిన చోటు కూడా ఒకటుంది. బోజెండార్ఫర్ ఇంపీరియల్ పియానోకి 88 బదులు 97 మెట్లు. అదనంగా ఉన్న తొమ్మిది మంద్ర స్థాయిలో, ఎడమ చివర. అవి కూడా తెల్లగా ఉంటే వాయించేవాడి చూపు చెదిరి చెయ్యి తప్పుతుంది. అందుకని వాటిని నల్లగా చేశారు.

హామండ్ ఆర్గన్ బరువైన బల్ల కదా, అందులో డిజైన్ ఏముంది?

డ్రాబార్లు చూడండి. నాకైతే కీబోర్డుల చరిత్రలో కన్నూ చెవీ ఇంత బాగా కలిసిన చోటు మరోటి లేదు. లారెన్స్ హామండ్ మొదటి ఆర్గన్ 1935లో వచ్చింది, పేరుమోసిన బీ-3 1954లో. మెట్ల పైన తొమ్మిది చిన్న కడ్డీలు ఒక గుంపుగా ఉంటాయి. ఒక్కో కడ్డీని ముందుకి లాగితే ఒక్కో హార్మోనిక్, అంటే స్వరంలో కలిసే ఒక్కో ఉపస్వరం, పెరుగుతుంది. దాని మీద 1 నుంచి 8 వరకు అంకెలు, ఎంత లాగితే అంత అంకె బయటపడుతుంది. రంగులు మూడు: గోధుమ రెండు, తెలుపు నాలుగు, నలుపు మూడు. తెల్లవి షడ్జమం, దాని పై స్థాయిలు. నల్లవి పంచమం, అంతర గాంధారం, మళ్లీ పై పంచమం. తంబూరా తీగ మీద చెవి పెట్టి వింటే లోపల గాంధారం లీలగా వినబడుతుంది కదా, ఆ గాంధారమే ఇక్కడ నల్ల కడ్డీగా చేతికి దొరుకుతుంది. లాగిన కడ్డీలు మెట్లమెట్లుగా ఒక ఆకారం కడతాయి. వాయించేవాళ్లు ఆ ఆకారాన్ని అంకెలుగా రాసుకుంటారు.

రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో గురించి ఒక్క మాట. మొదట్లో దాని మూత గుండ్రంగా ఉండేది, చూడ్డానికి ముచ్చటగా. కానీ దాని మీద రెండో కీబోర్డ్ పెడితే నిలవదు. 1979లో వచ్చిన మార్క్ 2లో మూత చదును చేశారు. అందం కొంచెం తగ్గింది, స్టేజి మీద పని సులువైంది.

హార్మోనియం ఈ లెక్కలోకి వస్తుందా?

తప్పకుండా వస్తుంది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంట్ తీసుకున్న హార్మోనియం కుర్చీలో కూచుని, కాళ్లతో గాలి తొక్కుతూ వాయించే బల్ల. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేతి తిత్తితో నేల మీద పెట్టుకునేలా చేశాడు. కాళ్లు తీసేశారు, తిత్తి వెనక్కి వచ్చింది. బాసింపట్టు వేసి కూచునే సంగీతకారుడి శరీరాన్ని చూసి వాద్యం రూపం మార్చారు. ఇంతకంటే పెద్ద డిజైన్ పాఠం ఏముంటుంది?

మంచి హార్మోనియం ముందు కూచుని నెమ్మదిగా చూడండి. ముందు పలక మీద తెల్లని గుండ్రటి స్టాపర్లు వరుసగా ఉంటాయి. లాగితే ఒక్కో వరస రీడ్లకి గాలి తెరుచుకుంటుంది. వెనక తిత్తి మడతలు, పక్కన దాన్ని బిగించే ఇత్తడి కొక్కాలు. కప్లర్ ఉన్న పెట్టెలో ఒక మెట్టు నొక్కితే పై స్థాయిలో ఇంకో మెట్టు దానంతటదే దిగుతుంది. చిన్నపిల్లలు దాన్ని చూసి ఎప్పుడూ నోరు తెరుస్తారు. పద్యనాటకాల్లో హార్మోనిస్టు వేదిక ముందే కూచుంటాడు కాబట్టి ఆ పెట్టె పాలిష్, ఇత్తడి మెరుపు కూడా నాటకం అలంకరణలో భాగమే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గాలి తరంగాల్లోకి రానివ్వలేదు. నాటక వేదిక మీద మాత్రం దాని చోటు చెక్కుచెదరలేదు.

ఓపీ-1 లాంటివి ఆటవస్తువుల్లా ఉంటాయి. నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి. స్టాక్‌హోమ్‌లోని టీనేజ్ ఇంజినీరింగ్ 2011లో ఓపీ-1 తెచ్చింది. అల్యూమినియం పెట్టె, గుండ్రటి చిన్న మెట్లు, సంచిలో పట్టేంత. దాని కీలకం నాలుగు రంగుల నాబ్‌లు. తెర మీద బొమ్మలో ఏ భాగం నీలంగా ఉందో అది నీలం నాబ్‌తో మారుతుంది, ఆకుపచ్చగా ఉన్నది ఆకుపచ్చ నాబ్‌తో. ఒక్క అక్షరం చదవకుండా ధ్వని మార్చేయొచ్చు. రికార్డింగ్ పేజీలో టేపు చక్రాలు తిరుగుతుంటాయి. డీఎక్స్ 7 వదిలేసిన సమస్యకి ఇది నాకు నచ్చిన జవాబు: నాబ్‌లు నాలుగే, కానీ అవి ఏం చేస్తున్నాయో ప్రతి క్షణం కనబడుతుంది. ధర మాత్రం ఆటవస్తువు ధర కాదు, ఆ విషయంలో జాగ్రత్త.

కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ సింథసైజర్లకి కూడా నాబ్‌లు, స్క్రూల బొమ్మలు ఎందుకు గీస్తారు?

అలవాటు కోసం. తెలిసిన ప్యానెల్ కనబడితే భయం పోతుంది. 2000లో వచ్చిన రీజన్ సాఫ్ట్‌వేర్‌లో ట్యాబ్ నొక్కితే తెర మీద వాద్యాలు పేర్చిన ర్యాక్ వెనక్కి తిరిగి, కేబుళ్లు ఊగుతూ కనబడతాయి. ఆ ఊపు వల్ల ధ్వనికి ఏమీ కాదు, కానీ ఏది దేనికి కలిసిందో దాన్ని చూసి నేర్చుకున్నవాళ్లు ఎంతోమంది. నాబ్ బొమ్మని మౌస్‌తో తిప్పడం మాత్రం నాకు ఎప్పుడూ హాయిగా అనిపించలేదు. కంప్యూటర్‌కి తగిలించే నిజమైన నాబ్‌ల పెట్టె, అంటే ఒక చిన్న మిడి కంట్రోలర్, పక్కన పెట్టుకోండి.

బాగుందని కొనెయ్యొచ్చా?

కొనండి, కానీ ముందు ఒక పరీక్ష పెట్టండి. షాపులో వాద్యం ఆపేసి ఉండగానే ప్యానెల్ చూసి, ధ్వని ఎక్కడ పుడుతోంది, ఎక్కడ మారుతోంది, ఎక్కడ బయటికొస్తోంది అని వేలితో చూపించగలరా? చూపించగలిగితే ఆ అందం మీకు పనికొచ్చే అందం. తర్వాత కళ్లు మూసుకుని మెట్లు నొక్కండి. తర్వాత నాబ్ పట్టుకుని తిప్పండి, వదులుగా ఊగుతోందా, గట్టిగా ఉందా? అన్నీ అయ్యాక ఆన్ చెయ్యండి.

రోజూ కంటికి నచ్చే వాద్యం ముందు మనిషి ఎక్కువసేపు కూచుంటాడు, సాధన అందుకే పెరుగుతుంది. పిల్లలకి కొంటుంటే రంగు వాళ్లనే ఎంచుకోనివ్వండి. క్యాసియో సీటీ-ఎస్1 లాంటివి ఎరుపు, తెలుపు, నలుపు మూడు రంగుల్లో వచ్చాయి. ఒకటే షరతు: మెట్లు పూర్తి సైజువి అయుండాలి. చిన్న మెట్ల మీద నేర్చుకున్న వేళ్లు పెద్ద మెట్ల మీదకి వచ్చినప్పుడు ఇబ్బంది పడతాయి.

పెళ్లి ఆర్కెస్ట్రాకో, చర్చికో అయితే ఎండలోనూ చదవగలిగే తెర, చీకట్లో వెలిగే బటన్లు ముఖ్యం. నున్నగా మెరిసే నల్ల ఫినిష్ వద్దు. వేలిముద్రలు, గీతలు అన్నీ లైట్ల కింద బయటపడతాయి.

ఇవన్నీ కళ్లారా ఎక్కడ చూడొచ్చు?

అమెరికాలో ఉన్నవాళ్లకి నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్‌లో మోగ్ పేరిట మ్యూజియం ఉంది, మూగ్‌సియం అని రాసి కనబడినా అదే. అరిజోనాలోని ఫీనిక్స్‌లో మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ మ్యూజియం ఇంకా పెద్దది. కెనడాలో కాల్గరీ నగరంలోని నేషనల్ మ్యూజిక్ సెంటర్‌లో టోంటో అనే గదంత సింథసైజర్ ఉంది. దాని వంపు తిరిగిన చెక్క బీరువాల మధ్యలో వాయించేవాడు కూచుంటాడు. జపాన్ వెళ్తే హమమత్సు వదలొద్దు. యమహా, కవాయి పుట్టిన ఊరు, నగరపాలక సంస్థ నడిపే వాద్యాల మ్యూజియం ఉంది. యమహా గుర్తులో ఉన్నవి మూడు శ్రుతి దండాలు (ట్యూనింగ్ ఫోర్కులు), చాలామంది చూసి కూడా గమనించరు.

తెల్లని ప్లాస్టిక్ పసుపు రంగులోకి మారింది, నాబ్‌లు జిగటగా అయ్యాయి. ఏం చెయ్యాలి?

పసుపు రావడానికి ఎక్కువగా చెప్పే కారణం ప్లాస్టిక్‌లో మంట అంటకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు. ఎండలోని అతినీల కిరణాలు తగిలితే రంగు మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి ఒకటుంది. అయితే మచ్చలు మచ్చలుగా తేలే ప్రమాదం ఉంది, అచ్చేసిన అక్షరాలున్న చోట అసలు చెయ్యొద్దు. నా సలహా, మెట్లు బాగా పలుకుతుంటే ఆ పసుపుని అలాగే ఉంచండి.

జిగట వేరే సంగతి. నాబ్‌ల మీద రబ్బరు పూత ఉంటే మన ఉక్కపోతకి కొన్నేళ్లలో కరుగుతుంది. నాబ్‌ని నిటారుగా పైకి లాగి, విడిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే పూత పోయి కింది గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. అదే ఆల్కహాల్ ప్యానెల్ అక్షరాల మీద పడితే అవీ పోతాయి, కాబట్టి వాద్యం మీద ఉంచి తుడవొద్దు. ప్యానెల్‌కి మెత్తని పెయింట్ బ్రష్, కాస్త తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. స్ప్రేలు నేరుగా కొట్టొద్దు, స్లైడర్ గాడిలోంచి లోపలికి దిగుతాయి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి స్క్రూలు, జాక్‌లు తుప్పు పడతాయి. అక్కడ వాద్యాన్ని కిటికీకి దూరంగా, కవర్ కింద సిలికా జెల్ ప్యాకెట్లతో ఉంచండి. ప్లాస్టిక్ షీటు కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, నూలు గుడ్డే మేలు. పాత చీర నాలుగు మడతలు వేసి కప్పినా సరిపోతుంది.